లారీ మీద వంట



మన ఇబ్రహీంపట్నం మీదుగా సాగర్ రోడ్డు పోతుంది. పగలనక రాత్రనక లారీలు తిరుగుతుంటాయి. కొన్ని మాల్, మల్లేపల్లి దాటి మిర్యాలగూడ బియ్యం మిల్లులకు పోతాయి. కొన్ని హైదరాబాదు దాటి 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని నాగపూర్ దిక్కు పోతాయి. ఆ రోడ్డు శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా ఉంది. లారీ ఎక్కిన మనిషి ఐదారు రోజులకు గానీ ఇల్లు చేరడు. అన్ని రోజులు ఆయన ఏం తింటున్నాడు?

దాబాల్లో తింటారు. కానీ రోజూ ఆ నూనె, ఆ మసాలా కడుపుకు పడవు. మనకు అన్నం కావాలి. ఉత్తరాదికి పోతే అడుగడుగునా రొట్టెలే. సరుకు దించడానికి గోదాము ముందు రోజంతా వరుసలో నిలబడితే దగ్గర్లో హోటలే ఉండకపోవచ్చు. అందుకే చాలామంది డ్రైవర్లు, క్లీనర్లు లారీలోనే వంట సామాను పెట్టుకుంటారు.

ఏమేం పెట్టుకుంటారు? చిన్న గ్యాస్ పొయ్యి, ఒక కుక్కర్, ఒక గంజు, రెండు పళ్లేలు, కత్తి, నీళ్ల క్యాను. ఇదివరకు గ్యాస్‌నూనె స్టవ్ ఉండేది. బియ్యం, పప్పు, ఉల్లిగడ్డ, ఆలుగడ్డ సంచిలో ఉంటాయి. లారీని నీడకు ఆపి, గాలి తగలకుండా టైరు చాటున పొయ్యి పెడతారు. క్లీనరు ఉల్లిగడ్డ కోస్తే డ్రైవరు బియ్యం కడుగుతాడు. ఇంట్లో పొయ్యి దిక్కు చూడని మగవాళ్లు అక్కడ మంచిగా వండుతారు! ఇంటికి వచ్చినప్పుడు కూడా వండమని అడగండి, తప్పులేదు.

తక్కువ గ్యాస్‌తో అయ్యే వంట పప్పన్నం. ఒక గ్లాసు బియ్యం, అర గ్లాసు పెసరపప్పు, నాలుగు గ్లాసుల నీళ్లు, టమాట, పచ్చిమిరపకాయ, పసుపు, ఉప్పు అన్నీ ఒకే కుక్కర్‌లో వేయాలి. మూడు నాలుగు కూతలకు ఉడుకుతుంది. పైన ఇంటి తొక్కు ఉంటే చాలు.

ఇక మనం కట్టి ఇచ్చేవి. పుట్నాల పొడి, కారంపొడి, తొక్కు చాలా రోజులు ఉంటాయి. తడి చెంచా పెడితే మాత్రం బూజు పడుతుంది. సీసా మూతికి గుడ్డ కట్టండి, పొడి చెంచా వేరే ఇవ్వండి. బాగా కాల్చి ఆరబెట్టిన జొన్నరొట్టె పెరుగన్నం కన్నా ఎక్కువ నిలుస్తుంది. చింతపండు పులుపు, నూనె ఉన్న పులిహోర మామూలు అన్నం కన్నా మేలు. మామూలు అన్నం, పెరుగన్నం పొద్దున కట్టినవి మధ్యాహ్నమే తినేయాలి. క్యాబిన్‌లో ఇంజను వేడి, ఎండ వేడి రెండూ ఉంటాయి. ఆ వేడికి అన్నంలో సూక్ష్మజీవులు పెరిగి విషం తయారుచేస్తాయి. "మళ్లీ వేడి చేస్తే సరిపోతుంది" అనుకుంటారు. సరిపోదు. ఆ విషం వేడికి పోదు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. అప్పుడు లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగాలి. ఈ లెక్క ఒక చీటీ మీద మీ చేత్తో రాసి ఆయన జేబులో పెట్టండి. రక్తపోటు ఉన్న మనిషికి తొక్కు తక్కువ, కూరగాయలు ఎక్కువ ఇవ్వాలి.

అన్నిటికన్నా పెద్ద భయం మంట. క్యాబిన్ లోపల ఎప్పుడూ పొయ్యి వెలిగించకూడదు. వాన పడుతున్నా సరే. గ్యాస్ గాలికన్నా బరువు. కారితే పైకి పోదు, కింద సీట్ల సందుల్లో చేరుతుంది. అగ్గిపుల్ల గీస్తే ఒక్కసారిగా అంటుకుంటుంది. మంట అంటుకోకపోయినా, అద్దాలు మూసిన క్యాబిన్‌లో పొయ్యి మండితే వాసన లేని విషవాయువు పుడుతుంది. నిద్రలోనే ప్రాణం పోతుంది. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే పెద్ద లారీల క్యాబిన్‌లో ఏసీ ఉండాలని నియమం వచ్చింది. ఏసీ మంచిదే. కానీ అద్దాలు మూసే అలవాటు పెరుగుతుంది కాబట్టి ఈ మాట ఇంకా గట్టిగా చెప్పాలి.

2023 ఆగస్టు 26న తమిళనాడులోని మదురై స్టేషన్ దగ్గర యాత్రికుల రైలు పెట్టె ఒకటి ఆగి ఉంది. నియమం కాదని తెచ్చిన సిలిండరుతో లోపలే తెల్లవారుజామున చాయ్ పెట్టబోయారు. మంటలు లేచి 9 మంది చనిపోయారు. లారీ క్యాబిన్ అంతకన్నా చాలా చిన్నది.

5 కిలోల సిలిండరు ఏజెన్సీలో దొరుకుతుంది. సందుల్లో గ్యాస్ ఎక్కించి అమ్మే డబ్బాలు కొనవద్దు. సిలిండరు నిలువుగా ఉండాలి, దొర్లకుండా తాడుతో కట్టాలి. డీజిల్ ట్యాంకు పక్కన, పెట్రోలు బంకులో వండకూడదు. గ్యాస్, పెట్రోలు మోసే ట్యాంకరు దగ్గర అగ్గిపుల్ల మాటే వద్దు.

"వండుకునే తీరిక ఎక్కడిది?" అని ఒక అక్క అడిగింది. 1961లో వచ్చిన మోటారు రవాణా కార్మికుల చట్టంలో ఐదు గంటల పనికి కనీసం అరగంట విశ్రాంతి అని రాశారు. చట్టంలో రాసిన అరగంట రోడ్డు మీద ఎందరికి దొరికింది? సరుకు తొందరగా చేరాలని ఓనరు ఫోను మీద ఫోను చేస్తే, ఆకలితో, నిద్రతో బండి నడుపుతారు. వంటకు ఆగితే కడుపు నిండుతుంది, కళ్లకు కూడా విశ్రాంతి దొరుకుతుంది.

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. హోటలు భోజనం 120 రూపాయలు అనుకుందాం. ఇద్దరు మనుషులు, రోజుకు రెండు పూటలు, 6 రోజులు. మొత్తం 2880 రూపాయలు. వండుకుంటే బియ్యం 250, పప్పు 150, నూనె 150, కూరగాయలు 300, కోడిగుడ్లు 100, గ్యాస్ 250 అనుకుందాం. ఇవి కూడండి. 2880లోంచి తీసివేయండి. మిగిలినదాన్ని ఇద్దరికీ పంచండి. మీ ఊరి ధరలు వేరైతే ఆ ధరలు వేసి మళ్లీ చేయండి.

కొందరు ఓనర్లు తిండికి బత్తా ఇస్తారు. మీ ఇంటాయనకు ఎంత ఇస్తున్నారో తెలుసా? ఈసారి ఆయన వచ్చి, స్నానం చేసి, అన్నం తిన్నాక, ఈ నోటుబుక్కు ముందు పెట్టి అడగండి.