ఖర్చయిందా, ఖర్చు పెట్టావా?

అమ్మలూ,

నువ్వు పంపిన నెల లెక్క చేరింది. హాస్టల్ అద్దె, బస్ పాస్, మందులు దేనికది విడిగా రాశావు, బాగుంది. అట్టడుగున మాత్రం ‘మిగతాది ఖర్చయిపోయింది: 6,200’ అని ఒక్క వరుస ఉంది. తాతయ్యకు ఆ అంకెతో పేచీ లేదు. ‘అయిపోయింది’ అన్న మాటతోనే.

‘ఖర్చు పెట్టాను’ అంటే పెట్టిన మనిషి ఎదురుగా కనపడుతుంది. ‘ఖర్చయింది’ అంటే డబ్బు తనంతట తానే లేచి వెళ్లిపోయినట్టుంటుంది. ఆస్పత్రి బిల్లుకి, బండి రిపేరుకి ఈ రెండోది న్యాయమే, అవి అడిగి రావు. ఆన్‌లైన్‌లో కొన్న మూడో జత చెప్పులకి అది చెల్లదు. ఫోన్‌లో యూపీఐ చెల్లింపులు తీస్తే తేదీ, దుకాణం పేరుతో సహా ఉంటాయి. ఆ వరుసని విడగొట్టి రాసుకో.

శాసనసభకు పోటీచేసే అభ్యర్థి సంగతే చూడు. 2022 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో అతని ఖర్చు పరిమితి 40 లక్షల రూపాయలు, లోక్‌సభకైతే 95 లక్షలు. నామినేషన్ నాటి నుంచి ఫలితం ప్రకటించే దాకా తాను గానీ, తన ఏజెంటు గానీ పెట్టినదీ, పెట్టమన్నదీ అంతా పద్దు రాయాలి. ఫలితం వచ్చిన 30 రోజుల్లోగా ఆ లెక్క అప్పగించాలి. సరైన కారణం లేకుండా ఎగ్గొడితే మూడేళ్లు అనర్హత పడవచ్చు. పెట్టిందెవరు, పెట్టమన్నదెవరు? చట్టం పట్టుకున్న కొస అదే.

అసలు ఖర్చు అన్న మాటే మనకు పారసీ నుంచి వచ్చింది. దాని అరబ్బీ మూలానికి బయటికి వెళ్లడమని అర్థం. జమ, బాకీ, వసూలు కూడా ఆ దారినే వచ్చి మన చిట్టా పుస్తకాల్లో కుదురుకున్నాయి. ఉగాదినాడు పంచాంగంలో ఆదాయం, వ్యయం వింటాం గానీ, కూరల బండి దగ్గర వ్యయం అన్నవాళ్లు లేరు. చదువుకి ‘వెచ్చించారు’ అంటాం, పేకాటలో పోతే ‘తగలేశాడు’ అంటాం. అవే అయిదు వందలు, తీర్పు మాటలోనే ఉంది.

అసలు సంగతి ఇప్పుడు చెప్పాలి. చేతిలోంచి వెళ్లిన ప్రతి రూపాయీ ఖర్చు కాదు. హాస్టల్‌కి కట్టిన అడ్వాన్సు ఖాళీ చేసేటప్పుడు తిరిగి రావలసిన సొమ్ము. స్నేహితురాలికిచ్చిన చేబదులు ఆమె పేరున బాకీ. చీటీకి కట్టే వాయిదా నీ పేరున జమ. ఇవన్నీ ఖర్చులో కలిపేస్తే, రావలసినది అడగాలన్న గుర్తే పోతుంది.

వాయిదాల మీద కొన్న ఫోన్ ఇందుకు తిరగేసిన లెక్క. దాని ధర కొన్ననాడే ఖర్చు. నెలనెలా కట్టేది అప్పు తీర్చడం, అందులో వడ్డీ ఒక్కటే కొత్త ఖర్చు. ‘నెలకి రెండు వేలేగా’ అనుకుంటే ఆ వడ్డీ కంటికి ఆనదు. వడ్డీ లేదన్న చోట ప్రాసెసింగ్ ఫీజు ఎంతో అడుగు. క్రెడిట్ కార్డు వాయిదాలైతే వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది. అదీ ఖర్చు పద్దులోనే రాయి.

మీ తాతయ్య