జపాన్‌లో చెల్లింది అమెరికాలో చెల్లుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి కాలిఫోర్నియాలో కంప్యూటర్ సైన్స్‌లో ఎం.ఎస్. చేస్తోంది. చిన్నప్పటి నుంచి జపాన్ కార్టూన్లంటే పిచ్చి. తనకిష్టమైన మాంగాలోని పాత్రలతో సొంతంగా ఓ కథ అల్లి, నలభై పేజీల బొమ్మల పుస్తకం గీసింది. వంద కాపీలు అచ్చువేయించి అక్కడి యానిమే సంబరంలో బల్ల తీసుకుని అమ్ముతుందట. కొన్ని ఇక్కడికి పంపితే హైదరాబాద్ కామిక్ కాన్‌లో స్నేహితులు అమ్మిపెడతారట. ‘జపాన్‌లో వేలమంది ఇలాగే అమ్ముకుంటారు, ఎవరూ ఏమీ అనరు’ అంటోంది. బొమ్మలన్నీ తను గీసినవే. ఇందులో చట్టపరంగా ఇబ్బంది ఏమైనా ఉందా?
- ఒక తల్లి, గుంటూరు

జవాబు: మీ అమ్మాయి చెప్పింది అబద్ధం కాదు గానీ, అందులో సగమే ఉంది. అభిమానులు సొంత డబ్బుతో అచ్చువేసుకునే ఈ పుస్తకాలను జపాన్‌లో దోజిన్‌షి అంటారు. వీటికోసం టోక్యోలో 1975 డిసెంబరులో మొదలైన కామికెట్ అనే సంత ఇప్పటికీ ఏటా రెండుసార్లు జరుగుతోంది. లక్షల్లో జనం వస్తారు. బల్లలు వేసుకుని కూర్చున్నవాళ్ళలో ఎక్కువమంది వేరొకరి పాత్రలతో తమ కథలు గీసినవాళ్ళే. ఈరోజు పేరున్న మాంగా బృందం క్లాంప్ కూడా ఒకప్పుడు దోజిన్‌షి వేసిన గుంపే. పెద్ద ప్రచురణ సంస్థలకు ఇదంతా తెలుసు. కొత్త చిత్రకారులు తయారయ్యేది అక్కడే కాబట్టి తెలిసీ ఊరుకుంటాయి.

ఊరుకోవడం వేరు, హక్కు ఇవ్వడం వేరు. జపాన్ కాపీరైట్ చట్టంలోనూ ఒకరి రచనను మార్చి కొత్త రూపంలో చెప్పే అధికారం అసలు రచయితదే. అనుమతి లేకుండా చేస్తే పదేళ్ళ దాకా జైలు, కోటి యెన్‌ల దాకా జరిమానా వేసే వీలుంది. మరి సంత ఎలా నడుస్తోందంటే, అక్కడ ఇలాంటి కేసు పెట్టాలంటే హక్కుదారుడే వచ్చి ఫిర్యాదు చేయాలి. ఆయన ఫిర్యాదు చేయకపోతే పోలీసులు తమంతట తాము ముందుకెళ్ళలేరు. టీపీపీ వాణిజ్య ఒప్పందం వల్ల 2018 డిసెంబరు 30 నుంచి ఈ నియమాన్ని కొంత సడలించారు. అప్పట్లో దోజిన్‌షి గీసేవాళ్ళు గగ్గోలు పెట్టారు. చివరికి లాభం కోసం, అసలు రచనను ఉన్నదున్నట్టు కాపీ కొట్టి, హక్కుదారుడి రాబడికి అన్యాయంగా గండికొట్టే పైరసీకి మాత్రమే ఆ సడలింపు పరిమితమైంది. కథ మార్చి గీసిన అభిమాన పుస్తకాలకు పాత పద్ధతే మిగిలింది.

కాబట్టి అక్కడ కూడా కాపాడుతున్నది యజమాని మౌనమే. ఆ మౌనం ఎప్పుడైనా చెదరొచ్చు. 1999 జనవరిలో పోకెమాన్ పాత్రలతో పెద్దలకు మాత్రమే అనదగ్గ పుస్తకం గీసి అమ్మిన ఒక మహిళను నింటెండో ఫిర్యాదుపై క్యోటో పోలీసులు అరెస్టు చేశారు. లక్ష యెన్‌ల జరిమానాతో కేసు ముగిసింది గానీ, ఆ రోజుల్లో ఆ రంగమంతా ఉలిక్కిపడింది. ఇంకొకటి మన పిల్లలకూ బాగా తెలిసిన డోరేమాన్ విషయం. రచయిత ఫుజికో ఎఫ్. ఫుజియో 1996లో చనిపోవడంతో ఆ కథకు ముగింపు లేకుండా పోయింది. ఒక అభిమాని ‘చివరి కథ’ గీసి పుస్తకంగా వేశాడు. గీత అచ్చం అసలు రచయిత గీతలా ఉండటంతో అదే నిజమైన ముగింపని నమ్మినవాళ్ళున్నారు. దోజిన్‌షి సాధారణంగా వందల్లో అమ్ముడుపోతే గొప్ప, ఇది 13 వేల కాపీలు పోయింది. ప్రచురణ సంస్థ కదిలింది. 2007లో ఆ చిత్రకారుడు క్షమాపణ చెప్పి రాబడిలో కొంత కట్టి బయటపడ్డాడు. ఎంత అమ్మాడన్నదీ, అసలుకు ఎంత దగ్గరగా గీశాడన్నదీ, రెండూ ఆయన కొంప ముంచాయి.

ఇప్పుడు మీ అమ్మాయి దగ్గరికి వద్దాం. బెర్న్ ఒప్పందంలో జపాన్, అమెరికా, భారత్ మూడూ ఉన్నాయి. అంటే జపాన్ మాంగాకు మన దేశంలోనూ, అమెరికాలోనూ రక్షణ ఉంటుంది. అది ఏ మేరకన్నది తేల్చేది రక్షణ కోరిన దేశపు చట్టం. కాలిఫోర్నియాలో అమ్మితే కాలిఫోర్నియా కోర్టు, హైదరాబాద్‌లో అమ్మితే మన కోర్టు. ‘టోక్యోలో పర్వాలేదు’ అన్న మాట రెండు చోట్లా అక్కరకు రాదు.

అమెరికాలో అనుమతి లేకుండానే కొంత వాడుకోనిచ్చే ఫెయిర్ యూజ్ అనే వెసులుబాటు ఉంది. నెట్‌లో ఎవరిని అడిగినా ‘నీ సొంత సృజన కలిపావు, ఫెయిర్ యూజ్ అవుతుందిలే’ అనేస్తారు. కోర్టు అంత తేలిగ్గా అనదు. 2016లో కొందరు డాక్టర్ స్యూస్ పిల్లల పుస్తకాన్ని స్టార్ ట్రెక్ లోకంతో కలిపి కొత్త పుస్తకం వేయబోయారు. రాసినాయన స్టార్ ట్రెక్ సీరియల్‌కే కథ రాసినవాడు, బొమ్మలు గీసినాయన పేరున్న కామిక్స్ చిత్రకారుడు. కింది కోర్టులో గెలిచారు. 2020 డిసెంబరులో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు ఆ తీర్పును తిరగేసింది. స్యూస్ రచన మీద వ్యాఖ్యానమో ఎగతాళో అందులో లేదనీ, ఆయన శైలిని వాడుకుని సరదా కొత్త కథ చెప్పారంతేననీ, అది ఫెయిర్ యూజ్ కిందికి రాదనీ తేల్చింది. కాలిఫోర్నియా ఈ కోర్టు పరిధిలోనే ఉంది. ఇష్టంతో గీసే అభిమాన కామిక్కులో అసలు రచన మీద విమర్శ సాధారణంగా ఉండదు, ప్రేమే ఉంటుంది. చిత్రమేమిటంటే ఈ లెక్కలో ప్రేమకంటే వెక్కిరింతకే రక్షణ ఎక్కువ. 2023లో యాండీ వార్హాల్ ఫౌండేషన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఈ దారిని మరింత ఇరుకు చేసింది.

ఓడితే ఏమవుతుంది? ఆ రచన అమెరికాలో సకాలంలో రిజిస్టర్ అయి ఉంటే, నష్టం ఇంత జరిగిందని రుజువు చేయనక్కర్లేకుండానే ఒక్కో రచనకు 750 నుంచి 30,000 డాలర్ల దాకా, తెలిసి చేశారని తేలితే లక్షన్నర డాలర్ల దాకా కోర్టు వేయగలదు. వంద కాపీలు అమ్మిన విద్యార్థినిపై ఏ కంపెనీ అంత దూరం వెళ్ళకపోవచ్చు. ఎక్కువగా జరిగేది వేరు. ఆన్‌లైన్ దుకాణంలో పెట్టిన పుస్తకం ఒక ఉదయం కనిపించకుండా పోతుంది, డీఎంసీఏ అనే అమెరికా కాపీరైట్ చట్టం కింద తీసేశామని ఒక మెయిల్ వస్తుంది. దానికి ఎదురు నోటీసు ఇచ్చే హక్కు ఉంది. ఇస్తే పది నుంచి పద్నాలుగు పనిదినాల్లో, అవతలివాళ్ళు కోర్టుకు వెళ్ళకపోతే, పుస్తకం తిరిగి పెడతారు. అయితే ఆ నోటీసులో పేరు, చిరునామా ఇవ్వాలి, పొరపాటున తీసేశారని ప్రమాణపూర్వకంగా చెప్పాలి, అమెరికా ఫెడరల్ కోర్టు అధికారానికి ఒప్పుకోవాలి. ఫెయిర్ యూజ్ మీద గట్టి నమ్మకం లేకుండా ఆ కాగితం మీద సంతకం పెట్టొద్దని మీ అమ్మాయికి గట్టిగా చెప్పండి.

మీరు అడగలేదు గానీ, నా దృష్టిలో కాపీరైట్ కంటే ముందు చూసుకోవాల్సింది వీసా. ఆమె ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉంటే బల్ల వేసుకుని సరుకు అమ్మడం అనుమతి లేని స్వయం ఉపాధిగా లెక్కపడే ప్రమాదం ఉంది. మాంగా కంపెనీ మహా అయితే నోటీసు పంపుతుంది. ఇక్కడ తేడా వస్తే విద్యార్థి హోదాయే పోవచ్చు. డిగ్రీ తర్వాత వచ్చే ఓపీటీ అనే పని అనుమతిలో స్వయం ఉపాధికి చోటుంది గానీ, ఆ పని చదివిన సబ్జెక్టుకు సంబంధించినదై ఉండాలి. కంప్యూటర్ సైన్స్ చదివి కామిక్కులు అమ్మడాన్ని అలా చూపించడం కష్టం. బల్ల కోసం డబ్బు కట్టకముందే యూనివర్సిటీలోని విద్యార్థి వీసాల అధికారిని, అంటే డీఎస్‌ఓను అడిగి, జవాబు మెయిల్‌లో తీసుకోమనండి. తోటి విద్యార్థులు చెప్పిన మాట నమ్ముకోవద్దు. వీసా అడ్డు లేకపోయినా, కాలిఫోర్నియాలో అమ్మేవాళ్ళు సెల్లర్స్ పర్మిట్ తీసుకుని అమ్మకపు పన్ను కట్టాలి.

ఇక హైదరాబాద్. ‘మన దగ్గర ఎవరు పట్టించుకుంటారు?’ అనుకుంటారు చాలామంది. గరిష్ఠ శిక్ష జపాన్‌లో కంటే తక్కువే అయినా, కేసు కట్టే విషయంలో మన చట్టమే కఠినం. 1957 కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ళ జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల జరిమానా ఉన్నాయి. వ్యాపార లాభం కోసం చేయలేదని తేలితే కోర్టు శిక్ష తగ్గించవచ్చు. ఇది కాగ్నిజబుల్, నాన్‌బెయిలబుల్ నేరమని 2022 మే నెలలో నిట్‌ప్రో కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. జపాన్‌లో లాగా హక్కుదారుడి ఫిర్యాదు దాకా ఆగాల్సిన పనిలేదు, పోలీసులు నేరుగా కేసు కట్టవచ్చు. అమ్మిపెట్టే స్నేహితులకూ ఇది వర్తిస్తుంది. ‘మేం గీయలేదు, అమ్మామంతే’ అంటే కుదరదు, అనుమతి లేని కాపీలను అమ్మడమూ ఉల్లంఘనే.

అమెరికాలాంటి విశాలమైన ఫెయిర్ యూజ్ మనకు లేదు. 52వ సెక్షన్‌లో సొంత వాడకం, విమర్శ, సమీక్ష, వార్తల కోసం న్యాయమైన వాడకానికి చోటుంది. పేరడీ అనే మాట చట్టంలో లేకపోయినా, ఒక మలయాళ నాటకానికి ప్రతినాటకం రాసిన సివిక్ చంద్రన్ కేసులో 1996లో కేరళ హైకోర్టు దాన్ని విమర్శగా గుర్తించి రచయిత పక్షాన నిలిచింది. అదే ఏడాది ఢిల్లీ హైకోర్టులో కామిక్కుల కేసే వచ్చింది. పాము శక్తులున్న నాగరాజ్ అనే వీరుడిని పోలినట్టు నాగేశ్‌ను తెచ్చిన ప్రచురణకర్తను కోర్టు ఆపేసింది. పేరు కాస్త మార్చితే చాలనుకునేవాళ్ళకు ఈ కేసు చెబుతుంటాను.

పుస్తకంలో శృంగార దృశ్యాలుంటే సంగతి పూర్తిగా వేరు. కామికెట్‌లో వాటికి చోటుంది. అశ్లీల ప్రచురణలను నేరం చేసే జపాన్ శిక్షాస్మృతి 175వ నిబంధనకు భయపడి కొన్ని భాగాలు కప్పి అచ్చు వేస్తారు. మన దగ్గర అశ్లీల పుస్తకాల అమ్మకం భారతీయ న్యాయ సంహిత 294 కింద నేరం. పాత్ర పిల్లల్లా కనిపిస్తే, అది వట్టి డిజిటల్ బొమ్మే అయినా, ఐటీ చట్టం 67-బి కింద మొదటి నేరానికే ఐదేళ్ళ దాకా జైలు పడవచ్చు. బ్రిటన్‌లో 2009 చట్టం ఇలాంటి గీతల్ని దగ్గర ఉంచుకోవడాన్నే నేరం చేసింది. 2010లో కెనడాకు వెళ్ళిన ఒక అమెరికన్ లాప్‌టాప్‌లోని మాంగా బొమ్మలు చూసి కస్టమ్స్ వాళ్ళు అరెస్టు చేయించారు. ఆ క్రిమినల్ ఆరోపణలు 2012లో గానీ వీగిపోలేదు.

‘బొమ్మలన్నీ తను గీసినవే’ అన్నారు. మరి వాటిని ఇంకెవరైనా దొంగిలిస్తే? ఇక్కడా దేశానికో తీరు. అనుమతి లేకుండా దోజిన్‌షిలను సైటులో పెట్టినవాళ్ళపై ఒక చిత్రకారిణి వేసిన కేసులో టోక్యోలోని మేధోసంపత్తి హైకోర్టు 2020 అక్టోబరులో ఆమెకు సుమారు 22 లక్షల యెన్‌లు ఇప్పించింది. నీది కూడా అనుమతి లేని పుస్తకమే కదా అన్న వాదన అక్కడ నిలవలేదు. అమెరికాలో అందుకు విరుద్ధం. రాకీ సినిమా పాత్రలతో తర్వాతి కథ రాసి స్టాలోన్ మీద దావా వేసిన ఒక రచయితకు, అనుమతి లేని పాత్రల మీద కట్టిన కథలో నీకు కాపీరైటే లేదని 1989లో కోర్టు చెప్పింది.

దారి లేకపోలేదు. ముందుగా ఆ మాంగా హక్కుదారులు అభిమానుల రచనలకు నియమాలు ప్రకటించారేమో చూడండి. ఆటల కంపెనీలు, వర్చువల్ గాయకుల సంస్థలు చాలావరకు ప్రకటిస్తున్నాయి. వాటిని చివరి అక్షరం దాకా చదవాలి. వర్చువల్ గాయని హత్సునే మికు బొమ్మలకు 2012లో క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ ఇచ్చారు, కానీ అది లాభాపేక్ష లేని వాడకానికే. నియమాలు జపాన్‌లోని వారికి మాత్రమేనా, విదేశాలకూ వర్తిస్తాయా అన్నది మరీ ముఖ్యం. ఏమీ ప్రకటించకపోతే ఈమెయిల్ రాసి అడగొచ్చు, జవాబు రాకపోతే దాన్ని అనుమతిగా తీసుకోకూడదు. కవర్ మీద అసలు మాంగా పేరు, లోగో వేస్తే ట్రేడ్‌మార్క్ గొడవ అదనంగా వస్తుంది, అవి తీసేయమనండి.

నన్నడిగితే అంతకంటే మంచి పని ఇంకొకటుంది. కథ ఆమె సొంతమే అంటున్నారు కాబట్టి పాత్రల రూపం, పేర్లు, నేపథ్యం అన్నీ తనవి చేసుకోమనండి. ట్వైలైట్ అభిమాన కథగా మొదలైన ఫిఫ్టీ షేడ్స్ ఆఫ్ గ్రే అలా మారాకే పుస్తకంగా లోకమంతా అమ్ముడుపోయింది. లేదా ఎవరి సొత్తూ కాని కథల్లోకి వెళ్ళవచ్చు. రామాయణ పాత్రలకు యజమాని లేడు. అయితే బాపు గీసిన రాముడిని చూసి గీయకూడదు, ఆయన 2014లో కన్నుమూశారు కాబట్టి ఆ బొమ్మలకు మన చట్టం ప్రకారం 2074 చివరి దాకా రక్షణ ఉంటుంది.

ఈ సంగతులు తేలేదాకా అచ్చుకు ఇవ్వొద్దనండి. గీసినదాన్ని దాచుకోవచ్చు, సరదాగా ఇంట్లోవాళ్ళకు చూపించుకోవచ్చు. ఇప్పటికే అచ్చయిపోయి ఉంటే మాత్రం హైదరాబాద్‌కు పార్సిల్ పంపొద్దు. నోటీసు ఏదైనా వస్తే సొంతంగా జవాబు రాయకుండా, దాన్ని తీసుకుని అక్కడి మేధోసంపత్తి లాయర్ దగ్గరికి వెళ్ళమనండి.