ఇరువదియొక్క దినముల లెక్క



అంటువ్యాధుల శాఖలో శిక్షణకు కుదిరితివనియు, రోగులతో మెలగినవారిని కనిపెట్టియుండు పని నీకు అప్పగించిరనియు నీ జాబువలన తెలిసి సంతసించితిని. జాబితాయు థర్మామీటరును పట్టుకొని తిరుగుటయే కదా యని నీవు తేలికగా వ్రాసినందున, 2014లో అమెరికాలోని డాలస్ నగరమున జరిగినది కొంత తెలుపదలచితిని.

లైబీరియా నుండి సెప్టెంబరు 20న ఆ నగరము చేరిన ప్రయాణికుడొకడు జ్వరపడి ఆసుపత్రికి పోగా, అచటివారు ఎబోలాను శంకింపక ఇంటికి పంపిరి; 28న మరల చేరి, అక్టోబరు 8న అతడు మరణించెను. అతడు జ్వరముతో పడియున్న యింటనే నలుగురు నివసించిరి. లోకమంతయు వారినిగూర్చియే భయపడెను గాని, వారిలో నొక్కరికిని వ్యాధి సోకలేదు. సోకినది తొడుగులును ముసుగులును ధరించి ఉపచర్యలు చేసిన యిద్దరు నర్సులకు. ఇందు వింత లేదు: ఆ వైరసు రోగారంభమున రక్తమునందు స్వల్పముగా నుండి, రోగము ముదిరినకొలది అపారముగా వృద్ధినొందును గనుక, వాంతివిరేచనముల నడుమ సేవచేయువారికే అపాయము మిక్కుటము. కావున ఎవరు రోగికి ఏమగుదురని కాక, ఏ దినమున ఏమి తాకిరి, తొడుగులను ఎట్లు విప్పిరి యని అడుగుము. ధరించునప్పటి శ్రద్ధ అలసి విప్పునప్పుడు నిలువదు.

అయినను తొడుగులున్నవారికి భయములేదని తలచి, అధికారులు సిబ్బందిని తమ జ్వరము తామే చూచుకొనుడని విడిచిరి. రెండవ నర్సు అక్టోబరు 10న విమానమున ఒహాయో పోయి, 13న తిరుగుప్రయాణమునకు ముందు తన ఉష్ణోగ్రత 99.5 డిగ్రీలని వారికి ఫోనుచేసి చెప్పెను. నిబంధనలోని 100.4కు అది తక్కువ గనుక ఎవరును వారింపలేదు. 15న వ్యాధి నిర్ధారితమైనది. ఆమెను నిందించినవారు పెక్కురు. అడుగవలసినది అడిగిన యామెయందు నాకు దోషము కనబడదు. అట్టి రోగిని సేవించిన నర్సు ఒడలు వెచ్చబడినదని చెప్పుచుండగా, హద్దు దాటలేదని బదులిచ్చుటను నేను పర్యవేక్షణ యనను. అదే యేడు నైజీరియాలోనో, ఎబోలా రోగులతో మెలగిన 894 మందిని కనిపెట్టుటకు సుమారు 18,500 మారులు స్వయముగా పోయి చూచిరి.

ఇక లెక్క. వైరసు దేహమున చొచ్చిన పిదప లక్షణములు పొడచూపుటకు 2 మొదలు 21 దినములు పట్టును గావున, కడపటి సంపర్కము నుండి 21 దినములు ఎంచవలయును. ఇంటివారికి ఆ కడపటి దినము ఒక్కటే; నర్సుకో, ప్రతి డ్యూటీతోను అది ముందునకు జరుగును. ఆమెకే వ్యాధి వచ్చినచో, ఆమెతో మెలగినవారి జాబితా లక్షణములు పుట్టిన దినము నుండి మొదలగును. అంతకుముందు ఎబోలా పరులకంటదు. ఆ దినమేదో తేల్చుటయే కష్టము. అందుచేతనే రెండవ నర్సు ఒహాయో పోవునప్పటి విమానమునందలి ప్రయాణికులను సైతము వెదకిరి. రెండు విమానములవారిలో ఎవరికిని వ్యాధి రాలేదు. మొదటి నర్సు పెంపుడు కుక్కను కూడ 21 దినములు వేరుగనుంచి కాచిరి. మాడ్రిడులో వ్యాధి సోకిన నర్సింగు సహాయకురాలి కుక్కనో, చంపివేసిరి. ఓపికపట్టిన డాలస్‌వారి పద్ధతియే నాకు నచ్చినది.

డాలస్ జాబితాలోని 177 మందిలో కడపటివారి గడువు నవంబరు 7న తీరినది. నీ జాబితా నమూనా నొకదానిని పేర్లు తొలగించి పంపుము. కడపటి సంపర్కదినమను గడిని సిబ్బంది విషయమున ఎట్లు నింపుచున్నావో చూచెదను.