ఇంటి నుంచి సర్కారు కొలువు: ఫలితం తేల్చడం ఎలా?

2020 మార్చి 19న కేంద్రం తన బి, సి గ్రూపు ఉద్యోగుల్లో సగం మంది రోజూ ఆఫీసుకు వస్తే చాలని, మిగతావారు ఇంటి నుంచే పనిచేయాలని చెప్పింది. అది కరోనా నాటి అత్యవసర ఏర్పాటు, పరీక్ష కాదు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఏ ఆఫీసైనా నిదానంగా ఈ పద్ధతి పెట్టి చూస్తే, దాన్ని బేరీజు వేయడం ఇలా.

1. పనులు వేరు చేయండి. జీతాల బిల్లులు, నోట్ ఫైళ్లు ఆన్‌లైన్‌లో ఎక్కడి నుంచైనా కదులుతాయి. భూమి సర్వే, సోమవారం ప్రజావాణి కదలవు. రెండింటినీ కలిపి సగటు తీయొద్దు.

2. పాత లెక్క తీయండి. అంతకుముందు మూడు నెలల్లో అర్జీ ఎప్పుడొచ్చింది, తుది జవాబు ఎప్పుడెళ్లింది, నడుమ ఎన్ని కొర్రీలు పడ్డాయి? ఈ చివరిదే కీలకం. కొర్రీ వేసి వెనక్కి పంపిన ఫైలునూ డిస్పోజల్ కింద రాసుకోవడం మన ఆఫీసులకు కొత్త కాదు. ఇంట్లో కూర్చుంటే అది మరీ సులువు, ఎదురుగా నిలబడి అడిగేవాళ్లుండరు. అందుకే అర్జీదారు ఎన్నిసార్లు తిరగాల్సి వచ్చిందో లెక్కపెట్టండి. పలిమెల నుంచి భూపాలపల్లికి రావడమంటే ఒక రోజు కూలి పోయినట్టే.

3. చీటీలు తీయండి. ఇష్టపడి వచ్చినవారినే తీసుకుంటే చురుకైనవాళ్లే చేరతారు. సగం మందిని ఇప్పుడు, మిగతావారిని మూడు నెలల తర్వాత ఇంటి పనికి పంపితే పోలిక కుదురుతుంది. అమెరికా పేటెంట్ కార్యాలయంలో ఉద్యోగులు కొత్త పద్ధతికి విడతలుగా మారడం వల్లే పరిశోధకులు లెక్క తేల్చగలిగారు: ఇంటి నుంచి పనిచేస్తున్నవారు ఎక్కడి నుంచైనా పనిచేయవచ్చన్నాక వారి పని 4.4 శాతం పెరిగింది. అయితే అక్కడి పేటెంట్ పరిశీలకుడి దగ్గరికి పాసుపుస్తకం పట్టుకుని ఎవరూ రారు.

4. మూడు జిల్లాలనూ ఒకే గాటన కట్టొద్దు. జనగామకూ మహబూబాబాద్‌కూ రైలుంది, భూపాలపల్లికి బస్సే గతి. అప్ అండ్ డౌన్ చేసే ఉద్యోగికి ఆదా అయ్యే సమయం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. కొత్తగూడ, గంగారం వంటి ఏజెన్సీ మండలాల్లో సిగ్నల్ ఎంతసేపు పోయిందో కూడా రాసుకోండి.

5. ఆఫీసులో మిగిలినవారిని అడగండి. కౌంటర్ భారమంతా ఒక్క జూనియర్ అసిస్టెంట్ నెత్తిన పడిందా? అధికారి డిజిటల్ సంతకం డాంగిల్ ఎవరి చేతిలో ఉంది?

అర్జీదారుల తిరుగుడు పెరిగితే, డిస్పోజల్ అంకెలు ఎంత బాగున్నా ఆపేయండి. ఆ షరతును మొదటి ఉత్తర్వులోనే రాసిపెట్టండి.