గీజరులో వేడినీరు ఎందుకు చాలదు? – ఒక పరిశీలన

స్నానానికి నీళ్ళు కాచుకొనడం మనకు ప్రాచీనమైన అలవాటు. పల్లెలలో నీళ్ళపొయ్యి మీది కాగు, పట్టణాలలోని రాగి బాయిలరు, సుల్తానుల కాలపు హమాము – ఇవన్నీ ఒకే అవసరానికి ఏర్పడిన వేర్వేరు రూపాలు. గోలకొండ సమీపాన కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణలో అట్టి హమాము కట్టడం నేటికీ నిలిచి ఉన్నది. ఇప్పుడు ఆ స్థానాన్ని చాలా ఇండ్లలో గీజరు ఆక్రమించినది. ఈ పేరు ఐస్‌లాండు దేశంలోని ‘గైసిర్’ అనే వేడినీటి బుగ్గ నుండి ఆంగ్లంలోనికి, అందుండి మన భాషలలోనికి వచ్చినది. ఆ బుగ్గకు వేడిని భూగర్భం ఇస్తుంది. మన గీజరుకు వేడి విద్యుత్తు నుండి మాత్రమే లభిస్తుంది. ఎంత విద్యుత్తు ఇచ్చితిమో అంత వేడినే అది తిరిగి ఇవ్వగలదు.

వినాయక విగ్రహాలకు, సంక్రాంతి పతంగులకు పేరుపొందిన ధూల్‌పేట్‌లో శీతకాలం చేతినిండా పని ఉండే కాలం. ఇరుకు సందులలో, ఒకే కప్పు క్రింద రెండు మూడు కుటుంబాలు నివసించే ఇండ్లలో, ఉదయం ఒక గంట వ్యవధిలోనే బడికి, పనికి పోవువారందరి స్నానాలు ముగియవలెను. ఇద్దరి స్నానం కాగానే కుళాయి నుండి చన్నీళ్ళు వస్తాయి. గీజరు చెడిపోయినదని మిస్త్రీని పిలుస్తారు. లేదా అప్పుచేసి పెద్దది కొంటారు. పలు సందర్భాలలో ఆ యంత్రం బాగుగానే ఉంటుంది. అది ఎంత సేపటిలో ఎంత నీరు ఇవ్వగలదో ఇంటివారు ముందుగా లెక్క వేసి ఉండరు.

ఆ లెక్క కష్టమైనది కాదు. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ సెంటీగ్రేడు వేడి చేయుటకు సుమారు 4.2 కిలోజౌళ్ళ ఉష్ణం కావలెను. జనవరి ఉదయాన మిద్దె మీది తొట్టిలోని నీరు 20 డిగ్రీలు ఉన్నదనుకొందాము. 15 లీటర్ల గీజరులో ఆ నీటిని 60 డిగ్రీలకు తెచ్చుటకు 2,520 కిలోజౌళ్ళు అవసరం. గీజరు శక్తి 2 కిలోవాట్లయితే దీనికి 21 నిమిషాలు పడుతుంది. ఈ నీటిలో అంతే చన్నీరు కలిపినచో 40 డిగ్రీల స్నానపు నీరు 30 లీటర్లు లభిస్తుంది. ఒక్కొక్కరికి 20 లీటర్లు కావలసి ఉంటే, ఇది ఒకటిన్నర మందికి మాత్రమే సరిపోతుంది.

ఐదుగురికి 100 లీటర్లు కావలెను. మొదటి 30 లీటర్లు ముందే సిద్ధంగా ఉన్నవనుకొన్నను, తక్కిన 70 లీటర్లకు అవసరమైన వేడిని పుట్టించుటకు మరి 49 నిమిషాలు పడుతుంది. అనగా గంటలో ఐదు స్నానాలు సాధ్యమే కాని, మధ్యలో వేచి ఉండవలసి వస్తుంది. వెంటవెంటనే స్నానం చేసినచో మూడవవానికే చన్నీరు తప్పదు. 25 లీటర్ల గీజరు ముందుగా కాగి ఉంటే 50 లీటర్లతో మొదలవుతుంది. కాని కాగుటకు 35 నిమిషాలు తీసుకొంటుంది. పెద్ద గీజరు వేడిని ఎక్కువగా దాచగలదు. శక్తి అదే 2 కిలోవాట్లయితే త్వరగా పుట్టించలేదు.

ఇక కొరత ఏర్పడుటకు గల కారణాలను ఒక్కొక్కటిగా పరిశీలిద్దాము.

మొదటిది ఋతుభేదం. వర్షాకాలంలో తొట్టినీరు 26 డిగ్రీలు ఉంటే, అదే 15 లీటర్ల వేడినీటి నుండి 36 లీటర్ల స్నానపు నీరు తయారవుతుంది. జనవరిలో అది 30 లీటర్లకు పడిపోతుంది. దీపావళి వరకు చాలిన గీజరు సంక్రాంతికి చాలకపోవుటకు ఇది ముఖ్య కారణం.

రెండవది థర్మోస్టాటు అమరిక. కరెంటు ఖర్చుకు జంకి కొందరు దానిని 45 డిగ్రీల వద్ద ఉంచుతారు. అప్పుడు 15 లీటర్ల నుండి 19 లీటర్ల స్నానపు నీరు కూడ రాదు. 60 డిగ్రీల వద్ద ఉంచినచో 30 లీటర్లు వస్తుంది. అయితే 60 డిగ్రీల నీరు పసిపిల్లల చర్మాన్ని కాల్చగలదు. కనుక బకెట్టులో మొదట చన్నీరు పోసి, తరువాతనే వేడినీరు కలుపవలెను.

మూడవది వోల్టేజి తగ్గుదల. చలికాలపు ఉదయాన వీధి వీధంతా గీజర్లు వేసినప్పుడు 230 వోల్టులు ఉండవలసినది 200కు దిగజారవచ్చును. గీజరు ఉత్పత్తి చేసే వేడి వోల్టేజి వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. అందువలన వోల్టేజి ఎనిమిదవ వంతు తగ్గితే వేడి నాలుగవ వంతు తగ్గుతుంది. 21 నిమిషాల పని 28 నిమిషాలు అవుతుంది. పైన చెప్పిన 49 నిమిషాలు 65 అవుతుంది. ఐదవ వ్యక్తి స్నానం గంట దాటిపోతుంది.

నాలుగవది గొట్టాల అమరిక. వేడినీరు తేలిక గనుక పైకి చేరుతుంది, చన్నీరు అడుగున నిలుస్తుంది. గోడకు నిలువుగా బిగించే గీజరులో చన్నీరు అడుగున ప్రవేశించి, వేడినీరు పొడవైన గొట్టం ద్వారా పైభాగం నుండి బయటికి వచ్చునట్లు ఏర్పాటు ఉంటుంది. నీలి, ఎర్ర గుర్తులను గమనింపక గొట్టాలను తారుమారుగా కలిపినను, లోపలి గొట్టం అడుగున చిల్లిపడినను, సగం వేడినీరు లోపల ఉండగానే చన్నీరు బయటికి వస్తుంది. మొదట పొగలు క్రక్కి వెంటనే చల్లబడే గీజరులో ముందుగా చూడవలసినది ఇదియే.

ఐదవది సున్నపు పొర. మన నగరం గ్రానైటు శిలల మీద వెలసినది. ఇక్కడ పలుచోట్ల బోరునీటిలో కాఠిన్యం హెచ్చు. కాల్షియం బైకార్బొనేటు వేడికి విడిపోయి కాల్షియం కార్బొనేటుగా అడుగున పేరుకొంటుందని విద్యార్థులు రసాయనశాస్త్రంలో చదివి ఉంటారు. కట్టెల బాయిలరులో ఈ పొర వేడిని అడ్డగించి పొగగొట్టం పాలు చేస్తుంది. గీజరులో హీటరు కడ్డీ నీటిలోనే మునిగి ఉంటుంది కనుక ఆ వేడి ఆలస్యంగానైనను నీటికే చేరుతుంది. నష్టం వేరొక విధంగా కలుగుతుంది. పొర క్రింద కడ్డీ మితిమీరి వేడెక్కి కాలిపోతుంది. అడుగున సున్నం చేరిన మేరకు నీటికి చోటు తగ్గుతుంది. బోరునీరు వాడే ఇంట అప్పుడప్పుడు గీజరును విప్పించి శుభ్రం చేయించుట మంచిది.

నీరు చాలనప్పుడు జనం త్రొక్కే అడ్డదారుల గురించి కూడ చెప్పవలసి ఉన్నది. బకెట్టులో హీటరు రాడ్డు వేసి, స్విచ్చి ఆపకుండ నీటిని వ్రేలితో చూచుట ప్రాణాపాయం. 2 కిలోవాట్ల గీజరు దాదాపు 9 ఆంపియర్ల కరెంటు తీసుకొంటుంది. పాత ఇంటి సన్నని తీగలు దానిని భరించలేవు. 16 ఆంపియర్ల ప్లగ్గు, సరియైన ఎర్తు తప్పనిసరి. గ్యాసు గీజరును కిటికీ లేని స్నానాలగదిలో బిగించుట మరింత ప్రమాదకరం. గాలి చాలక మండినప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. తలుపు మూసుకొని స్నానం చేయువాడు హెచ్చరిక లేకనే స్పృహ కోల్పోతాడు. అట్టి గీజరు గది వెలుపల, గాలి ఆడే చోటనే ఉండవలెను.

ఖర్చు చేయకనే కొరతను చాలవరకు తీర్చవచ్చును. మొదటి స్నానానికి 25 నిమిషాల ముందు గీజరు వేయవలెను. ఒక్కొక్కరి మధ్య పావుగంట విరామం ఉండవలెను. తొందర లేనివారు ఎండ వచ్చిన పిదప స్నానం చేయవచ్చును. ఆ తరువాత కూడ చాలకున్నచో అప్పుడు పెద్ద గీజరు సంగతి ఆలోచింపవలెను.

మన ఇండ్లలో తెల్లవారుఝామున అందరికంటె ముందు లేచేది తల్లి; అందరికంటె చివర స్నానం చేసేదియు ఆమెయే. కనుక ఈ కొరత ఇంటిలో అందరికీ సమంగా పంచబడుట లేదు. కాగితం మీద నాలుగు అంకెలు వేసి స్నానాల వరుసను సరిచేసినచో, ఆమెకు కూడ ఒక బకెట్టు వేడినీరు మిగులుతుంది. కళాశాలలో ఉష్ణశాస్త్రం చదివిన విద్యార్థి తన ఇంట చేయదగిన మొదటి ప్రయోగం ఇదియే.