ముందు జాబితా, ఆ తర్వాతే అభ్యర్థి: షికాగో 1983 విజయం తయారైన తీరు

1983 ఏప్రిల్ 12న షికాగో నగరం హెరాల్డ్ వాషింగ్టన్‌ను మేయర్‌గా ఎన్నుకుంది. ఆయనకు 6,68,176 ఓట్లు వచ్చాయి, రిపబ్లికన్ అభ్యర్థి బెర్నార్డ్ ఎప్టన్‌కు 6,19,926. ఆ నగరానికి నల్లజాతి మేయర్ రావడం అదే మొదలు. దీన్ని ఒక నాయకుడి ఆకర్షణ సాధించిన గెలుపుగా చెప్పుకోవడం తేలిక. కానీ అడుగు వెనక అడుగుగా విప్పి చూస్తే అభ్యర్థి రంగంలోకి దిగేనాటికే సగం పని పూర్తయిందని తెలుస్తుంది. ఆ పని చేసినవాళ్లు ఊరూ పేరూ లేని మామూలు జనం. వారు ఏ వరసలో ఏం చేశారో తెలుసుకోవడం ఎన్నికలంటే ఆసక్తి ఉన్న ప్రతి ఒక్కరికీ అవసరమని నా నమ్మకం.

మొదటి మెట్టు: ఎదుటి బలాన్ని కొలవడం

షికాగోలో 1931 తర్వాత రిపబ్లికన్ మేయర్ లేడు. డెమొక్రటిక్ పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ఎన్నికలో గెలిచినవారే మేయర్ అన్నది అప్పట్లో అక్కడ అందరికీ తెలిసిన లెక్క. నగరానికి 50 వార్డులు, ఒక్కో వార్డుకు ఒక పార్టీ కమిటీమన్, అతని కింద పోలింగ్ బూత్ స్థాయిలో పనిచేసే ప్రీసింక్ట్ కెప్టెన్లు. ఏ ఇంట్లో ఎన్ని ఓట్లున్నాయో, ఎవరికి ఉద్యోగం కావాలో, ఎవరి వీధిలో చెత్త తీయడం లేదో కెప్టెన్‌కు తెలిసేది. పని చేసిపెట్టేవాడు, ఓటు వేయించుకునేవాడు. ఓట్లు బాగా తెచ్చినవారికి మునిసిపల్ ఉద్యోగాలు దక్కేవి. 1955 నుంచి 1976 డిసెంబరులో చనిపోయేదాకా మేయర్‌గా ఉన్న రిచర్డ్ జె. డేలీ ఈ యంత్రాంగాన్ని తన గుప్పిట్లో నడిపించారు.

నల్లజాతి వార్డులు ఏళ్ల తరబడి ఈ యంత్రాంగానికే ఓట్లు పోశాయి. బదులుగా వచ్చింది తక్కువ. 1979 జనవరిలో మంచు తుఫాను నగరాన్ని స్తంభింపజేసినప్పుడు లోకల్ రైళ్లు నల్లవారి పేటల్లోని స్టేషన్లలో ఆగకుండా వెళ్లిపోయాయి. ఆ కోపంతో నల్లజాతి ఓటర్లు అప్పటి మేయర్ మైఖేల్ బిలాండిక్‌ను కాదని జేన్ బర్న్‌ను గెలిపించారు. తమ ఓటుకు మేయర్‌ను దించే బలం ఉందని ఆ ఎన్నికతో వారికి తెలిసింది. తమవాళ్లను ఎక్కించే బలం కూడా ఉందా అన్న ప్రశ్న అక్కడి నుంచే మొదలైంది.

రెండో మెట్టు: కోపానికి ఒక రూపం ఇవ్వడం

బర్న్ పాలనలో ఆశలు నిలవలేదు. ప్రభుత్వ గృహాల్లో అత్యధికులు నల్లవారే. అయినా 1982లో ఆ గృహాల బోర్డులో నల్లజాతి సభ్యులను తప్పించి తెల్లవారిని వేశారు. దానికి నిరసనగా ఆ వేసవిలో నగరపాలక సంస్థ జరుపుతూ వచ్చిన షికాగోఫెస్ట్ సంగీతోత్సవాన్ని బహిష్కరించమని నల్లజాతి నాయకుడు జెస్సీ జాక్సన్ పిలుపునిచ్చారు. గాయకుడు స్టీవీ వండర్ అక్కడి తన కచేరీని రద్దు చేసుకున్నారు. ఎవరికి వారుగా లోలోపల రగులుతున్నవారు తమతో ఎంతమంది ఉన్నారో బహిష్కరణలోనే చూసుకున్నారు. పాత్రికేయుడు లూ పామర్ అంతకుముందు నుంచే సమావేశాలు పెట్టి 1983లో మేయర్ పీఠం మనదే కావాలని చెబుతూ వచ్చారు. కోపం చల్లారకముందే దాన్ని ఒక తేదీకి, ఒక పనికి కట్టేయడం ఆయనలాంటివారు చేసిన మేలు.

మూడో మెట్టు: ఓటర్ల జాబితాను పెంచడం

మొత్తం కథకు ఆయువుపట్టు ఇక్కడే ఉంది. మన దేశంలో ఓటర్ల జాబితా సవరణకు ప్రభుత్వ సిబ్బంది ఇంటికి వస్తారు. అప్పట్లో షికాగోలో పేరు నమోదు చేయించుకునే బాధ్యత పౌరుడిదే. నమోదు చేయించుకోకపోతే ఎంత కోపం ఉన్నా ఎన్నికల రోజున చేయగలిగింది ఉండేది కాదు. షికాగో నల్లజాతి పేటల్లో ఓటు హక్కు ఉండీ జాబితాలో పేరు లేనివారు లక్షల్లో ఉండేవారు. యంత్రాంగానికి అది అనుకూలమే: ఓటర్లు తక్కువైతే కెప్టెన్ చేతిలో ఉన్న ఓట్లకే విలువ ఎక్కువ.

1982 వేసవిలో పేదల సంఘాలు కలిసి పవర్ అనే పేరుతో ఒక కూటమిగా ఏర్పడ్డాయి. ఓటు లేనివారు ఎక్కడ దొరుకుతారన్నది వారు వేసుకున్న ప్రశ్న. సంక్షేమ సాయం కోసం, నిరుద్యోగ భృతి కోసం క్యూల్లో నిలబడ్డవారి దగ్గరికే వెళ్లారు. అది దేశమంతా నిరుద్యోగం ఎక్కువగా ఉన్న కాలం, ఆ క్యూలు పొడుగ్గా ఉండేవి. సాయం తగ్గుతోందన్న బాధకూ ఓటుకూ ఉన్న సంబంధాన్ని అక్కడ నిలబడినవారికి వివరించాల్సిన అవసరమే రాలేదు. చర్చిలు ఆదివారం ప్రార్థనల్లో నమోదు గురించి చెప్పాయి.

బూత్‌లలో ఒక్కరోజు నమోదు అక్టోబరు 5న జరగాల్సి ఉంది. సాఫ్ట్ షీన్ అనే కేశ సంరక్షణ ఉత్పత్తుల కంపెనీ అధినేత ఎడ్ గార్డ్‌నర్ తన ప్రచార విభాగాన్ని ఈ పనికి అప్పగించారు. ఆ తేదీతో ప్రాస కలిపి ఒక నినాదం తయారైంది. నల్లజాతి రేడియో స్టేషన్లు దాన్ని పదే పదే వినిపించాయి. ప్రకటనలు ఎవరికి ఓటేయాలో చెప్పలేదు, ఏ రోజు వెళ్లి పేరు రాయించుకోవాలో చెప్పాయి. ఆ ఏడాది ముగిసేలోపు లక్షకు పైగా నల్లజాతి ఓటర్లు కొత్తగా జాబితాకెక్కారు.

ఆ జాబితా బలమెంతో నవంబరులోనే బయటపడింది. ఇలినాయ్ గవర్నర్ ఎన్నికలో సులువుగా నెగ్గుతారనుకున్న రిపబ్లికన్ జిమ్ థాంప్సన్ 5,074 ఓట్ల తేడాతో గట్టెక్కారు. ఎందుకంటే డెమొక్రాట్లకు ఓటేసే షికాగో నల్లజాతి వార్డుల్లో పోలింగ్ ఎవరూ ఊహించనంత పెరిగింది.

నాలుగో మెట్టు: అభ్యర్థిని ఒప్పించడం

హెరాల్డ్ వాషింగ్టన్ ఆ యంత్రాంగంలోనే పెరిగారు. తండ్రి రాయ్ ప్రీసింక్ట్ కెప్టెన్. మాజీ ఒలింపిక్ పరుగు వీరుడు, వార్డు నాయకుడు అయిన రాల్ఫ్ మెట్‌కాఫ్ దగ్గర హెరాల్డ్ కూడా పనిచేశారు. రాష్ట్ర శాసనసభలో ఉంటూ క్రమంగా పార్టీ పెద్దలకు దూరమయ్యారు. 1977లో మేయర్ ప్రైమరీలో నిలబడితే 11 శాతం ఓట్లే వచ్చాయి. 1980లో కాంగ్రెస్‌కు ఎన్నికై వాషింగ్టన్ డి.సి.లో కుదురుకున్నారు. మళ్లీ ఓడిపోవడానికి ఆయన సిద్ధంగా లేరు. అడిగినవారికి షరతు పెట్టారు: 50 వేల మంది కొత్త ఓటర్లను చేర్చండి, ప్రచారానికి నిధి కూడబెట్టండి, అప్పుడు చూద్దాం.

జనం అడిగినదానికి రెట్టింపు చేసి చూపించారు. 1982 నవంబరు 10న ఆయన పోటీ ప్రకటించారు. నారు పోయకుండా నాట్లు వేయడానికి ఆయన ఒప్పుకోలేదు. ఆయన వ్యూహ జ్ఞానమంతా ఆ ఒక్క షరతులోనే ఉందంటాను.

ఐదో మెట్టు: ప్రైమరీ లెక్క

ప్రైమరీలో సగానికి మించి ఓట్లు రావాలన్న నియమం అప్పట్లో లేదు. అందరికంటే ఎక్కువ వస్తే చాలు. 1980 జనాభా లెక్కల ప్రకారం 30 లక్షల మంది నగరవాసుల్లో నల్లవారు దాదాపు 40 శాతం. మేయర్ బర్న్‌కు పార్టీ మద్దతు, కోటి డాలర్ల దాకా నిధి ఉన్నాయి. పాత మేయర్ కొడుకు, కౌంటీ ప్రాసిక్యూటర్ రిచర్డ్ ఎం. డేలీ కూడా బరిలో ఉన్నారు. తెల్లవారి ఓటు ఇద్దరి మధ్య చీలితే మూడో మనిషికి దారి దొరుకుతుంది. ఆ దారిలో నడవాలంటే వాషింగ్టన్ గెలవగలరని ముందు నల్లజాతి ఓటర్లే నమ్మాలి.

ఆ నమ్మకాన్ని జనవరిలో జరిగిన నాలుగు చర్చాగోష్ఠులు కలిగించాయి. బర్న్, డేలీల పక్కన వాషింగ్టన్ విషయం మీద పట్టుతో, తడబాటు లేకుండా మాట్లాడారు. గెలిచే పక్షమని తేలితే వెంట నడవడానికి జనం వెనకాడరు. ఉదయించే సూర్యుడి కిరణాలున్న నీలిరంగు బ్యాడ్జీలు నల్లజాతి పేటల్లో ప్రతి కోటు మీదా కనిపించాయి. 1966లో మార్టిన్ లూథర్ కింగ్‌తో కలిసి షికాగో ఉద్యమాన్ని నడిపిన అల్ రేబీ ప్రచార సారథ్యం తీసుకున్నారు.

ఫిబ్రవరి 22న వాషింగ్టన్‌కు 36 శాతం, బర్న్‌కు సుమారు 34, డేలీకి 30 వచ్చాయి.

ఆరో మెట్టు: సొంత పార్టీ చెయ్యిస్తే

ఆనవాయితీ ప్రకారం ఇక ఎన్నిక ముగిసినట్టే. కానీ పలువురు డెమొక్రటిక్ కమిటీమన్లు బాహాటంగానో లోపాయికారీగానో ఎప్టన్ వైపు తిరిగారు. సమయం మించిపోకముందే మేలుకోండన్న అర్థం వచ్చే నినాదంతో ఎప్టన్ ప్రచారం సాగింది. నల్లజాతి మేయర్ రాకముందే అన్న దాని అసలు అర్థం అందరికీ తెలుసు. మార్చి 27న వాయవ్య ప్రాంతంలోని సెయింట్ పాస్కల్ చర్చికి మాజీ ఉపాధ్యక్షుడు వాల్టర్ మాండేల్‌తో వెళ్లిన వాషింగ్టన్‌ను గుంపు అరుపులతో అడ్డుకుంది. ఆ దృశ్యం దేశమంతా చూసింది. ఆదాయపు పన్ను రిటర్నులు దాఖలు చేయనందుకు 1972లో వాషింగ్టన్‌కు పడిన జైలుశిక్ష గురించీ ప్రత్యర్థులు గుచ్చి గుచ్చి అడిగారు. అది జరిగిన విషయమే. ఓటర్లు దాన్నీ తూకంలో వేసే నిర్ణయించుకున్నారు.

నల్లవారి ఓట్లు దాదాపు మొత్తంగా పడినా అవి చాలవు. ప్రైమరీలో దూరంగా ఉన్న మెక్సికన్, ప్యూర్టోరికన్ పేటలు ఏప్రిల్‌లో ఆయన వైపు మొగ్గాయి. మిచిగాన్ సరస్సు ఒడ్డున ఉండే ఉదారవాద తెల్లవారు కొందరు తోడయ్యారు. తెల్లవారి ఓట్లలో ఆయనకు దక్కింది సుమారు 12 శాతమే. పోలింగ్ 80 శాతం దాటిన ఎన్నికలో ఆ కొద్దిపాటి చేర్పులే 48 వేల ఆధిక్యాన్ని నిలబెట్టాయి.

ఏడో మెట్టు: గెలిచాక మిగిలిన పని

నగర మండలిలో ఎడ్వర్డ్ వర్డోల్యాక్, ఎడ్వర్డ్ బర్క్ నాయకత్వంలో 29 మంది సభ్యులు జట్టుకట్టారు. మేయర్ వెంట ఉన్నది 21 మంది. ఆయన నియామకాలు, ప్రతిపాదనలు ఏళ్ల తరబడి ఆగిపోయాయి. ఇక్కడా పరిష్కారం మళ్లీ ఓటు దగ్గరే దొరికింది. 1981లో గీసిన వార్డుల సరిహద్దులు నల్లవారి, లాటినోల ఓటు బలాన్ని తగ్గించాయని కోర్టులో తేలింది. 1986లో ఏడు వార్డుల్లో మళ్లీ ఎన్నికలు జరిగాయి. మండలి 25–25గా సమమై, తేల్చే ఓటు మేయర్‌ది అయింది. రాజకీయ సిఫారసుతో మునిసిపల్ ఉద్యోగాలివ్వడాన్ని అరికట్టే కోర్టు ఒప్పందం మీద ఆయన మొదటి ఏడాదే సంతకం చేశారు. 1987లో రెండోసారి గెలిచారు. ఆ నవంబరు 25న కార్యాలయంలో పనిచేస్తుండగానే కన్నుమూశారు.

మేయర్ పదవి నాలుగున్నరేళ్లు నిలిచింది. జాబితా నింపిన పద్ధతి మాత్రం ఎవరైనా ఎప్పుడైనా వాడుకోగలిగేది. అమెరికా పౌరసత్వం తీసుకున్న వేలాది తెలుగు కుటుంబాలకు కూడా అది పనికొస్తుంది. మంచి నాయకుడు వస్తే అప్పుడు కదులుదామని కూర్చునేవారికి షికాగో చెప్పే జవాబు స్పష్టంగా ఉంది: మీరు ముందు జాబితాలోకి ఎక్కండి, పక్కింటివారిని ఎక్కించండి. నాయకుడికి షరతులు నెరవేర్చి చూపగలిగిన ప్రజలకే ఆయన్ని నిలదీసి పని చేయించుకునే హక్కూ సత్తువా ఉంటాయి.