కొత్త బండి, కిస్తీ, సీజింగు: ఉద్దానం వ్యాన్ యజమానుల ప్రశ్నలు – జవాబులు

శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలం అక్కుపల్లిలో కిరాయి లేని పూట నలుగురు వ్యాన్ యజమానులు ఒకచోట చేరితే మాట బండి మీదికే పోతుంది. ఎవరు కొత్త ఏస్ దింపారు, ఎవరి బొలెరో పికప్‌కి డౌన్ పేమెంటు ఎంత పడింది, కిస్తీ ఎంత, ఇంకా ఎన్ని నెలలుంది. కొబ్బరికాయలు, జీడిపిక్కలు, చేపలు, పెళ్లి సామాను, డయాలసిస్‌కి పలాస వెళ్లే రోగులు... ఉద్దానంలో ఇవన్నీ కదిలేది ఈ చిన్న బండ్ల మీదే. 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది. పన్ను లేని ధర 6 లక్షలున్న బండి మీద అది 60 వేల తేడా. కొత్త బండి ఆశ పెరగడంలో వింత లేదు. ఆ ఆశ వెనకే వచ్చే ఫైనాన్సు కాగితాల గురించి ఈసారి ప్రశ్నలు.

ప్రశ్న: మంచినీళ్లపేట నుంచి చేపల లోడు వేసుకుంటాను. బండికి 6 లక్షలు అప్పు కావాలి, నాలుగేళ్లలో తీర్చేస్తాను. ఒక ఫైనాన్స్ కంపెనీ 8 శాతం అంటోంది, బ్యాంకు 12 శాతం అంటోంది. స్టాండులో అందరూ 8 శాతానికే పొమ్మంటున్నారు. ఏటి చెయ్యాలి? (అక్కుపల్లి)

జవాబు: స్టాండులోని మిత్రులు మంచి మనసుతోనే చెప్పారు గానీ, ఈ రెండు శాతాలూ ఒకే లెక్కవి కావు. కంపెనీ చెప్పిన 8 శాతం సాధారణంగా ‘ఫ్లాట్’ వడ్డీ. అంటే అసలు తీరుతూ వస్తున్నా, నాలుగేళ్లూ మొత్తం 6 లక్షల మీదే వడ్డీ కడుతూ ఉండాలి. ఏడాదికి 48 వేల చొప్పున నాలుగేళ్లకి 1,92,000. దాన్ని అసలుకి కలిపి 48తో భాగిస్తే కిస్తీ 16,500. బ్యాంకు 12 శాతం ‘తగ్గే బాకీ’ మీద వేసేది. ఆ లెక్కలో కిస్తీ దాదాపు 15,800, మొత్తం వడ్డీ సుమారు 1,58,400. చౌకగా కనిపించిన 8 శాతం నెలకి 700 రూపాయలు, నాలుగేళ్లకి 33,600 రూపాయలు ఎక్కువ తీసుకుంటుంది. బ్యాంకు లెక్కలోకి మార్చి చూస్తే ఆ 8 శాతం నిజానికి 14.3 శాతం.

ఈ మాయ పట్టుకోవడానికి లెక్కల మాస్టారి దగ్గరికి వెళ్లనక్కర్లేదు. 2024 అక్టోబరు 1 నుంచి ఇచ్చే కొత్త రుణాలకు బ్యాంకయినా ఫైనాన్స్ కంపెనీ అయినా ‘కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్’ అనే కాగితం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన పెట్టింది. అది రుణం తీసుకునే మనిషికి అర్థమయ్యే భాషలో ఉండాలి. కాబట్టి తెలుగులో ఇమ్మని అడగడం హక్కు, బతిమాలడం కాదు. అందులో ‘ఏపీఆర్’ అని ఒక అంకె ఉంటుంది. వడ్డీ, ప్రాసెసింగ్ ఫీజు, అప్పుతో పాటు అంటగట్టిన ఇన్సూరెన్సు వంటివన్నీ కలిపి ఏడాదికి పడే అసలు భారం అదే. రెండు చోట్లా ఆ అంకెనే పోల్చాలి. ఆ కాగితంలో రాయని చార్జీని రుణగ్రహీత స్పష్టమైన అంగీకారం లేకుండా తర్వాత వసూలు చేయకూడదు. సంతకం అక్కడికక్కడే పెట్టాలని ఎవరైనా తొందర చేస్తే నిదానించాలి. ఏడు రోజులు, అంతకు మించిన గడువున్న రుణాలకు ఆ షరతులు కనీసం మూడు పనిదినాలు చెల్లుబాటులో ఉండాలి.

కిస్తీ తగ్గుతుందని ఐదేళ్లకు సాగదీయమనే సలహా కూడా వస్తుంది. అదే 6 లక్షలు, అదే 12 శాతం, 60 నెలలయితే కిస్తీ దాదాపు 13,350కి దిగుతుంది. వడ్డీ మాత్రం 2 లక్షలు దాటుతుంది, అంటే 42 వేలకు పైగా అదనం. చేపల బండికి ఉప్పునీటి తుప్పు తప్పదు, ఐదో ఏడు కిస్తీ కడుతూనే షెడ్డు ఖర్చూ భరించాలి. నాలుగేళ్లే మంచిది.

వీటన్నిటికన్నా ముందు చూడాల్సింది సముద్రం క్యాలెండర్. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. చేపల లోడు పడిపోయినా కిస్తీ ఆగదు. ఆ రెండు కిస్తీలకు 31,600 కావాలి. మిగతా పది నెలల్లో నెలకి 3,160 చొప్పున వేరే ఖాతాలో వేసుకుంటే సరిపోతుంది. లేదంటే ఆ రెండు నెలలు తక్కువ, మిగతా నెలలు ఎక్కువ కట్టేలా షెడ్యూలు రాయించుకోవడానికి వీలుంటుందా అని సంతకానికి ముందే అడగాలి. సంతకం అయ్యాక అడిగితే వినేవారుండరు. వేసవిలోనే జీడిపిక్కలు రాలే కాలం కాబట్టి పలాస–కాశీబుగ్గ జీడి ఫ్యాక్టరీలతో ముందుగా మాట్లాడుకుంటే బండి ఖాళీగా నిలబడదు.

ఇన్సూరెన్సు గురించి ఈ పాఠకుడు అడగలేదు, అయినా చెప్పి తీరాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన సంగతి ఈ ఊళ్లలో ఎవరికీ గుర్తు చేయనక్కర్లేదు. చట్టప్రకారం తప్పనిసరైన థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే, బండి మీద కొబ్బరిచెట్టు పడినా ఇన్సూరెన్సు నుంచి పైసా రాదు. తుపాను, వరద నష్టం రావాలంటే కాంప్రిహెన్సివ్ పాలసీ కావాలి, బండి విలువను అందులో తక్కువ చేసి రాయించకూడదు. బండి పోయినా అప్పు పోదు.

ప్రశ్న: కాశీబుగ్గ నుంచి పల్లెలకు మనుషుల్ని తిప్పే మ్యాజిక్ తీద్దామని ఉంది. పోర్టు వస్తే గిరాకీ పెరుగుతుందని షోరూము వాళ్లు చెబుతున్నారు. తీసుకోమంటారా? (పలాస)

జవాబు: మూలపేట పోర్టుకు శంకుస్థాపన 2023 ఏప్రిల్ 19న జరిగింది. అది ఈ ప్రాంతానికి మేలు చేయాలని అందరి కోరికా. అయితే కిస్తీ మొదలయ్యేది బండి ఇంటికొచ్చిన మరుసటి నెల నుంచే. రేపటి గిరాకీ చూపించి ఇవాళ్టి అప్పు చేయించే మాటను పక్కన పెట్టి, ఇవాళ ఆ దారిలో ఎంతమంది ఎక్కుతున్నారో చూడాలి.

అక్కడ మారిన సంగతి ఒకటుంది. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలై పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమైంది. సంతకి, ఆసుపత్రికి వెళ్లే ఆడవాళ్లకు అది పెద్ద ఊరట. దాని దెబ్బ మాత్రం షేర్ ఆటోలు, మ్యాజిక్‌ల మీద పడింది. ప్రభుత్వమే అది గుర్తించి ‘ఆటో డ్రైవర్ల సేవలో’ పేరిట ఆటో, మోటార్ క్యాబ్, మ్యాక్సీ క్యాబ్ సొంతంగా నడుపుకునేవారికి ఏడాదికి 15,000 రూపాయలు ఇవ్వడం 2025 అక్టోబరు 4న మొదలుపెట్టింది. నెలకి లెక్కేస్తే 1,250. కిస్తీలో అది చిన్న ముక్క.

బస్సు తిరగని దారి, లేదా బస్సు వేళలు కుదరని దారి దొరికితేనే ఈ బండి నిలుస్తుంది. వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్లే కుటుంబాలు ఉద్దానంలో ఎన్నో ఉన్నాయి. మంచి మనిషి, నమ్మకమైన వేళ, న్యాయమైన కిరాయి కోసం వాళ్లు వెతుక్కుంటున్నారు. అలాంటి నెలవారీ ఒప్పందాలు ముందు చేతిలో పడ్డాకే షోరూముకు వెళ్లడం మంచిది. అప్పుకి కూడా ముందు బ్యాంకు గడపే తొక్కాలి. ముద్ర రుణాల్లో 5 నుంచి 10 లక్షల ‘తరుణ్’ విభాగం కింద ప్రయాణికుల, సరుకుల బండ్లకు పూచీకత్తు ఆస్తి లేకుండా ఇవ్వొచ్చు. ఇన్నాళ్లూ గ్రామీణ వికాస్ బ్యాంకు అని పిలుచుకున్న శాఖలు 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. అక్కడా అడగొచ్చు.

ప్రశ్న: జీడి ఫ్యాక్టరీలో పనిచేస్తాను. తమ్ముడు వ్యాన్ తీసుకుంటున్నాడు, ష్యూరిటీ సంతకం పెట్టక్కా అంటున్నాడు. ఊరికే పేరుకేనట. పెట్టొచ్చా?

జవాబు: పేరుకే అనేది అప్పు ఇచ్చేవాళ్లు తరచూ చెప్పే మాట, చట్టం మాత్రం అలా చెప్పదు. భారత కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ప్రకారం జామీనుదారు బాధ్యత, ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే, అప్పు తీసుకున్న మనిషితో సమానం. తమ్ముడు కట్టకపోతే ముందు తమ్ముణ్ని అడిగి ఆ తర్వాతే అక్క దగ్గరికి రావాలన్న నియమం లేదు. నేరుగా అక్కనే అడగొచ్చు. కిస్తీలు తప్పితే ఆమె సిబిల్ స్కోరూ దెబ్బతింటుంది. రేపు పిల్లల చదువుకు అప్పు కావాలంటే అది అడ్డం వస్తుంది.

సంతకం పెట్టకపోతే తమ్ముడితో మాట పోతుందన్న బాధ ఆమె ఉత్తరంలో కనిపిస్తోంది. ఆ బాధను తేలిగ్గా తీసేయడానికి లేదు. పెట్టాలనే నిర్ణయించుకుంటే ఒప్పందం నకలు తన పేరున తీసుకోవాలి, ఖాళీ కాగితాల మీద, ఖాళీ చెక్కుల మీద సంతకం చేయకూడదు, నెలనెలా రుణం ఖాతా స్టేట్‌మెంటు తనకూ చూపించమని తమ్ముడికి ముందే చెప్పాలి. ఎన్ని కిస్తీలు తన కూలిలోంచి కట్టగలనో లెక్కవేసుకోవాలి. ఒక్కటి కూడా కట్టలేని పరిస్థితి అయితే వద్దని చెప్పడమే తమ్ముడికీ మేలు.

ప్రశ్న: బరంపురంలో ఒడిశా నంబరు పికప్ తక్కువకి వస్తోంది. తెచ్చుకోవచ్చా?

జవాబు: తెచ్చుకోవచ్చు, కాగితాల వరుస తప్పకుండా ఉంటేనే. ఆర్‌సీలో ‘హైపోథికేషన్’ గడిలో ఫైనాన్స్ కంపెనీ పేరుంటే, అమ్మేవాడు బాకీ తీరిందని ఎంత చెప్పినా ఫారం 35, కంపెనీ ఎన్‌ఓసీ లేనిదే డబ్బు ఇవ్వకూడదు. అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28 మీద రాష్ట్రం దాటడానికి ఎన్‌ఓసీ, పేరు మార్పుకి 29, 30 ఫారాలు కావాలి. ఇక్కడ పన్ను వేరేగా పడుతుంది, ఆ ఖర్చు కూడా ధరలో కలుపుకున్నాకే ‘తక్కువ’ అనే మాట అనాలి. పాత చలాన్లు పరివాహన్ వెబ్‌సైట్‌లో కనిపిస్తాయి. బండికి ఎనిమిదేళ్లు దాటితే ఫిట్‌నెస్ ఏటా చేయించాలి, అంతకుముందు రెండేళ్లకోసారి.

పేరు మార్చకుండా ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి బండ్లు తిప్పుకోవడం సరిహద్దు ఊళ్లలో మామూలైపోయింది. 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ముందుకొచ్చింది అచ్చంగా అలాంటి బండే. వరసగా కొన్ని చేతులు మారినా ఆర్‌సీలో పేరు మారలేదు. ఆ బండి వల్ల జరిగిన ప్రమాదానికి పరిహారం కట్టాల్సింది ఆర్‌సీలో పేరున్న యజమానేనని కోర్టు తేల్చింది. కొనేవాళ్లే కాదు, పాత బండి అమ్మేవాళ్లూ ఈ కేసు గుర్తుంచుకోవాలి.

ప్రశ్న: ఎల్ఎంవీ లైసెన్సుతో సరుకు బండి నడపొచ్చా?

జవాబు: నడపొచ్చు. మొత్తం బరువు 7,500 కిలోలలోపు బండ్లకు వేరే ట్రాన్స్‌పోర్ట్ అనుమతి అవసరం లేదని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది.

ప్రశ్న: రెండు కిస్తీలు ఆగాయి. రాత్రి తొమ్మిదింటికి ఫోన్లు చేసి సీజర్లను పంపుతామంటున్నారు. దారిలో బండి లాక్కుపోవచ్చా?

జవాబు: ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత వసూలు ఫోన్లు చేయకూడదన్నది రిజర్వ్ బ్యాంకు ఆదేశం. బండి స్వాధీనం చేసుకునే షరతు ఒప్పందంలో ఉంటే కంపెనీకి ఆ హక్కు ఉంటుంది. అయితే ముందు నోటీసు ఎన్ని రోజులు, అమ్మే ముందు చివరి అవకాశం ఎలా ఇస్తారు అన్నది కూడా అందులో రాసి ఉండాలి. కండబలంతో, బెదిరింపుతో బండ్లు లాక్కోవడాన్ని సుప్రీంకోర్టు 2007లోనే ప్రకాశ్ కౌర్ కేసులో గట్టిగా తప్పుపట్టింది. ఆలస్యానికి వేసేది ‘పీనల్ చార్జీ’గానే ఉండాలి, దాన్ని వడ్డీరేటుకు కలపకూడదు, దాని మీద మళ్లీ వడ్డీ వేయకూడదు.

ఫోను ఎత్తడం మానేయడం మాత్రం తప్పు. కంపెనీకి రాతపూర్వకంగా పరిస్థితి చెప్పి, కొంతైనా కట్టి రసీదు తీసుకోవాలి. ఫిర్యాదు రాశాక 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చినది సరిగా లేకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. వివరాలకు 14448 నంబరు ఉంది.

ప్రశ్న: శివసాగర్ బీచ్‌కి వచ్చేవాళ్ల కోసం ట్రావెలర్‌లో పడకలు, వంటగట్టు పెట్టించి కేరవాన్‌లా అద్దెకిస్తే ఎలా ఉంటుంది? బండి మీద ఇంకా ఫైనాన్సు ఉంది. (అక్కుపల్లి)

జవాబు: ఆలోచన బాగుంది. బస చేసే వీలుంటే శివసాగర్ తీరానికి వచ్చినవాళ్లు ఒక పూట ఎక్కువ నిలుస్తారు, ఊరికీ నాలుగు డబ్బులొస్తాయి. షెడ్డులో వెల్డింగు మొదలుపెట్టే ముందు మాత్రం ఆగాలి. ఆర్‌సీలో రాసిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఆపుతుంది. ‘మోటార్ కేరవాన్’ అనేది ప్రత్యేక తరగతి. కూర్చునే సీట్లు, బల్ల, పడక, వంట ఏర్పాటు, సామాను అరలు అందులో ఉండాలి, వాటికి ఏఐఎస్–124 అనే ప్రమాణం ఉంది. ఆమోదం ఉన్న బాడీ బిల్డరు చేత చేయించి, ఆర్టీవో దగ్గర ఆర్‌సీ మార్పించాలి. మామూలు పాలసీతో నడిపి, లోపల గ్యాస్ సిలిండరు పేలితే క్లెయిము నిలవకపోవచ్చు. అప్పు తీరని బండి కాబట్టి ఫైనాన్స్ కంపెనీ రాతపూర్వక అనుమతి కూడా ముందే తెచ్చుకోవాలి. బాడీ ఖర్చుకి మళ్లీ అప్పు చేయాల్సివస్తే ఆ రెండు కిస్తీలూ కలిపి, పర్యాటకులు రాని వానాకాలం నెలల్లో ఎలా కడతారో రాసుకుని చూడాలి.

ఇంకొక్క మాట. బండిని ఇసుకలోకి దింపవద్దు. శీతాకాలం చివరి నుంచి వేసవి దాకా శ్రీకాకుళం తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఒక్క టైరు కింద గూడంతా పోతుంది. రోడ్డు ఆగినచోటే బండి ఆపి, అక్కడి నుంచి నీళ్లదాకా నడిచి వెళ్లేలా ఏర్పాటు చేసుకోవచ్చు.